స్కానింగ్ నార్మల్.. అయినా మళ్లీ మళ్లీ కడుపునొప్పా? ఈ మూత్ర పరీక్ష గురించి తెలుసుకోండి

వయసు ఇరవై, ముప్పై మధ్య. ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి, వాంతులు, మలబద్ధకం, గుండె దడ. అల్ట్రాసౌండ్, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. కొన్నాళ్లకు తగ్గుతుంది, నెలల తర్వాత మళ్లీ మొదలు. చివరికి ‘గ్యాస్’, ‘టెన్షన్’ అని తేల్చేస్తారు. కొందరికి అపెండిక్స్ ఆపరేషన్ కూడా అయిపోతుంది.. నొప్పి మాత్రం పోదు.

ఇలాంటి కేసుల్లో అరుదుగా బయటపడే కారణం అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా. రక్తానికి ఎరుపునిచ్చే ‘హీమ్’ తయారీకి కావాల్సిన ఒక ఎంజైమ్ తగ్గడం వల్ల వచ్చే జన్యు సమస్య ఇది. ఆడవాళ్లలోనే ఎక్కువగా బయటపడుతుంది, కొందరికి పీరియడ్స్ ముందు తిరగబెడుతుంది. ఉపవాసాలు, మద్యం, కొన్ని మందులు కూడా నొప్పిని రేపుతాయి. చిక్కేంటంటే ఈ జబ్బులో ఫిట్స్ రావచ్చు. అప్పుడు ఫినిటోయిన్ ఇస్తే పరిస్థితి ఇంకా ముదురుతుంది.

కొందరి మూత్రం వెలుతురులో ఉంచితే ఎర్రగా, ముదురు రంగులోకి మారుతుంది. అందరికీ మారాలనేం లేదు. అసలు తేల్చేది యూరిన్ పోర్ఫోబిలినోజెన్ (పీబీజీ) పరీక్ష. మామూలు యూరిన్ టెస్టులో ఇది ఉండదు, డాక్టర్ ప్రత్యేకంగా రాయాల్సిందే. నొప్పి ఉన్నప్పుడే శాంపిల్ ఇవ్వాలి, అది వెలుగు తగలకుండా ల్యాబ్‌కు చేరాలి. నొప్పి తగ్గాక చేయిస్తే నార్మల్ అని రావచ్చు.. అక్కడే చాలామంది దొరక్కుండా పోతారు. జబ్బు తేలితే గ్లూకోజ్ ఎక్కిస్తారు, తీవ్రంగా ఉంటే హీమిన్ ఇంజెక్షన్ ఇస్తారు.