బడి బాకా పూర్వకథ

బడి బ్యాండులో తొలి లోహవాద్యం ఎన్నుకొమ్మంటే మా మంచిర్యాల పిల్లల చూపు మెరిసేదాని మీదికే పోతుంది. ఆ వాద్యాల పూర్వకథ కొంత తెలియడం మంచిది.

ఊదే కొమ్ము మనకు దొరలతో వచ్చినది కాదు. ఉమ్మడి ఆదిలాబాదులోని కేస్లాపూర్ నాగోబా జాతరలో పెప్రెతో బాటు కాలికోం మ్రోగుతుంది. అది వింటే నాకు కావ్యాలలోని కాహళ స్ఫురిస్తుంది. పెదవుల అదురే దానికి ప్రాణం, బ్యూగిలుకూ అంతే. మీటలు లేని బ్యూగిలు వాడుకలో పలికేది ఐదు స్వరాలే: స, ప, పై స, గ, ప. 1818లో ప్రష్యాలో ష్టోల్జెల్, బ్ల్యూమెల్ కవాటానికి పేటెంటు పొందారు. తరువాత మూడు మీటలతో పన్నెండు స్వరస్థానాలూ కార్నెట్టుకు, ట్రంపెట్టుకు చిక్కాయి. సాక్సోఫోను ఇత్తడిదైనా రెల్లుతో పలుకుతుంది కనుక ఈ కుదురులోనిది కాదు.

కనుక పాలపళ్లు ఊడి ముందుపళ్లు కుదురుకున్నాక బ్యూగిలు, పిదప చేతికి పొట్టిగా అమరే కార్నెట్టు పట్టించడం మేలు.

పెళ్లిళ్లలో బ్యాండు ఊదే ఇంటి పిల్లవాడు, తోటివారు నవ్వుతారని, బాకా వదలి డ్రమ్ము అడగడం నేను చూశాను. పెదవి పట్టు ఇంటనే నేర్చినవాడు వాడొక్కడే. బాకా మొదట వాడి చేతికే ఇవ్వాలి. మిగిలినవారు వాడి వద్ద నేర్చుకోవాలి.