ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ: సిబ్బంది అమరిక, పరీక్షల చరిత్ర (కోసిగి మండలం నేపథ్యంలో)

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖలో బడులను, ఉపాధ్యాయులను నడిపే విభాగం ఒకటి, పదో తరగతి పరీక్షలు జరిపే విభాగం మరొకటి. మొదటిది పాఠశాల విద్య డైరెక్టర్ కింద, రెండోది ప్రభుత్వ పరీక్షల డైరెక్టర్ కింద పనిచేస్తాయి. రాజధానిలో వేరువేరు కార్యాలయాలుగా ఉన్న ఈ రెండూ మండల స్థాయికి వచ్చేసరికి ఒకే చోట కలుస్తాయి. ఏ బడిలో ఎందరు పంతుళ్లుండాలో లెక్క వేసేదీ, ఏ తేదీన ఏ పరీక్ష పెట్టాలో చూసేదీ మండల విద్యాధికారి, ప్రధానోపాధ్యాయులే. కర్నూలు జిల్లా పశ్చిమాన, తుంగభద్ర తీరంలో కర్ణాటకకు ఆనుకుని ఉన్న కోసిగి మండలం ఈ రెండు వ్యవస్థల కలయికను గమనించడానికి తగిన చోటు. అక్షరాస్యత తక్కువగా, వలస ఎక్కువగా ఉండే ప్రాంతమిది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం కాగా, కర్నూలు జిల్లాది 59.97 శాతం.

బళ్లారి జిల్లా కాలం

1953 దాకా కోసిగి కర్నూలు జిల్లాలో లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. 1854 నాటి వుడ్ నివేదిక తర్వాత మద్రాసులో ప్రభుత్వ విద్యాశాఖ ఏర్పడింది. దాని అధిపతి డైరెక్టర్ ఆఫ్ పబ్లిక్ ఇన్‌స్ట్రక్షన్. ఆయన కింద ఇన్‌స్పెక్టర్లు, వాళ్ల కింద డిప్యూటీ ఇన్‌స్పెక్టర్లు పల్లె బడులను తనిఖీ చేసేవారు. 1884 స్థానిక బోర్డుల చట్టం వచ్చాక చాలా బడుల పోషణ తాలూకా బోర్డుల చేతికి వెళ్లింది. జీతమిచ్చేది బోర్డు, తనిఖీ చేసేది విద్యాశాఖ అన్న ఈ విభజన ఆ తర్వాత వచ్చిన ప్రతి వ్యవస్థలోనూ ఏదో రూపంలో కొనసాగింది. 1920 ప్రాథమిక విద్యా చట్టం జిల్లా విద్యా మండళ్లను తెచ్చింది. 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాక ఆ బాధ్యత జిల్లా బోర్డులకు చేరింది.

హైస్కూలు చివర జరిగే మెట్రిక్యులేషన్ పరీక్ష మొదట్లో మద్రాసు విశ్వవిద్యాలయం చేతిలో ఉండేది. 1911లో దాని స్థానంలో సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్, అంటే ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. వచ్చింది. చివరి పరీక్షలో వచ్చిన మార్కులతో పాటు బడిలోని ప్రగతిని కూడా ఒక పుస్తకంలో నమోదు చేయాలన్నది ఈ పద్ధతి ఉద్దేశం. బడి ఇచ్చే మార్కును ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్న అప్పుడే మొదలైంది. వందేళ్ల తర్వాత అంతర్గత మార్కుల విషయంలోనూ అదే మళ్లీ తలెత్తింది.

సమితి బడి, జిల్లా పరిషత్ హైస్కూలు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో చేరాయి. ఆదోని వైపు పల్లెల్లో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. అందువల్ల ఈ సరిహద్దులో విద్యాశాఖకు అదనపు పని పడింది. కన్నడ, ఉర్దూ మాధ్యమాల పంతుళ్లను విడిగా నియమించాలి, ప్రశ్నపత్రాలనూ ఆ భాషల్లో విడిగా తయారు చేయించాలి. శాఖ వాడుకలో వీటికి ‘మైనర్ మీడియం’ అని పేరు.

1959 పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టంతో ప్రాథమిక బడులు సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. ఊళ్లలో నేటికీ వినిపించే ‘జెడ్పీ హైస్కూలు’ అన్న పేరు అప్పటిదే. అయితే కొన్ని బడులు నేరుగా ప్రభుత్వ యాజమాన్యంలోనే మిగిలాయి. దాంతో పంతుళ్లు ప్రభుత్వ ఉపాధ్యాయులు, పంచాయతీరాజ్ ఉపాధ్యాయులు అని రెండు వర్గాలయ్యారు. ఒకే అర్హత, ఒకే పని ఉన్నా సీనియారిటీ జాబితాలు వేరు. పర్యవేక్షక పోస్టుల్లోకి పదోన్నతి ఎవరికి దక్కాలన్న వివాదం దశాబ్దాల పాటు కోర్టుల్లో నలిగింది. ఇద్దరికీ ఒకే సర్వీసు నిబంధనలు వర్తించేలా 2017లో 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును సవరించారు. 2018లో ఉమ్మడి హైకోర్టు దాన్ని కొట్టివేసింది.

నియామకాల పరిధిని నిర్ణయించింది 1975 రాష్ట్రపతి ఉత్తర్వు. రాజ్యాంగం 371-డి అధికరణం కింద వచ్చిన ఈ ఉత్తర్వుతో ఉపాధ్యాయ పోస్టులకు జిల్లా స్థానిక కేడర్ అయింది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు కలిసి నాలుగో జోన్ అయ్యాయి. ఈ జోన్‌కు ప్రాంతీయ సంయుక్త సంచాలకుడి కార్యాలయం కడపలో ఉంది.

మండల విద్యాధికారి

1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. సమితులు పోయి మండల ప్రజా పరిషత్తులు వచ్చాయి. కోసిగి ఒక మండల కేంద్రమైంది. సమితి స్థాయి డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ చూసిన పని క్రమంగా మండల విద్యాధికారికి (ఎంఈఓ) వచ్చింది. ఆయన పైన ఆదోని డివిజన్ ఉప విద్యాధికారి, ఆ పైన కర్నూలులోని జిల్లా విద్యాధికారి. కింద స్కూల్ కాంప్లెక్సులు: ఒక హైస్కూలు కేంద్రంగా చుట్టుపక్కల ప్రాథమిక బడులను కలిపిన సముదాయాలు. ఈ ఆలోచన 1964–66 కొఠారి కమిషన్‌ది.

అనేక మండలాల్లో ఎంఈఓ కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉండేది. పక్క మండలం అధికారికో, ఏదో ఒక ప్రధానోపాధ్యాయుడికో అదనపు బాధ్యత అప్పగించేవారు. పదోన్నతుల వివాదం తేలకపోవడమే దీనికి ముఖ్య కారణం. 2022లో ప్రభుత్వం మధ్యేమార్గంగా మండలానికి రెండో విద్యాధికారిని మంజూరు చేసింది. 679 మండలాలకు 679 కొత్త పోస్టులు. ఎంఈఓ-1, ఎంఈఓ-2 అన్న పిలుపు అప్పటి నుంచి వాడుకలోకి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 4న నంద్యాల విడి జిల్లా అయింది. కోసిగి కర్నూలు జిల్లాలోనే మిగిలింది.

శిక్షణ బాధ్యత మరో దారిలో పెరిగింది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ (డైట్) వచ్చింది. కర్నూలు జిల్లా డైట్ బి.తాండ్రపాడులో ఉంది. 1990ల్లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మొదలైనప్పుడు రాష్ట్రంలో ముందుగా ఎంపికైన అయిదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. తర్వాత సర్వశిక్షా అభియాన్, 2018 నుంచి సమగ్ర శిక్ష వచ్చాయి. ఈ పథకాలు తెచ్చిన క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు, కంప్యూటర్ ఆపరేటర్లు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల (కేజీబీవీ) బోధకులలో ఎక్కువ మంది కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేసేవారు. సమాచార సేకరణలో చాలా భాగం వీళ్ల చేతుల మీదుగానే సాగుతుంది.

నియామకం, బదిలీ, సర్దుబాటు

పంతుళ్ల ఎంపిక జిల్లా ఎంపిక కమిటీ, అంటే డీఎస్సీ ద్వారా జరుగుతుంది. 1980ల్లో నెలకు 398 రూపాయల మీద తీసుకున్న స్పెషల్ టీచర్ల సర్వీసు లెక్కింపు ఉపాధ్యాయ సంఘాల డిమాండ్లలో చాలా కాలం నిలిచింది. 1998 డీఎస్సీలో అర్హత సాధించి ఉద్యోగం రాని అభ్యర్థులను మినిమం టైమ్ స్కేలు మీద తీసుకోవాలన్న నిర్ణయం 2022లో గాని వెలువడలేదు. విద్యాహక్కు చట్టం వచ్చాక ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) ఉత్తీర్ణత తప్పనిసరి అయింది. రాష్ట్రంలో తొలి టెట్ 2011లో జరిగింది. 2025 మెగా డీఎస్సీని 16,347 పోస్టులకు ప్రకటించారు. వాటిలో స్కూల్ అసిస్టెంట్లు 7,725, సెకండరీ గ్రేడ్ టీచర్లు (ఎస్జీటీలు) 6,371. జిల్లాల వారీగా చూస్తే అత్యధిక పోస్టులు ఉమ్మడి కర్నూలు జిల్లావే.

ఎంపికైన పంతులు ఏ ఊరికి వెళ్లాలో, అక్కడ ఎంతకాలం ఉండాలో బదిలీ నిబంధనలు తేలుస్తాయి. ఇంటి అద్దె భత్యం, రోడ్డు సౌకర్యం ఆధారంగా ఊళ్లను నాలుగు కేటగిరీలు చేశారు. మొదటి కేటగిరీలో ఏడాది సర్వీసుకు 1 పాయింటు, తర్వాత వరసగా 2, 3, 5. మారుమూల ఎక్కువ కాలం పనిచేసినవారికి కౌన్సెలింగ్‌లో ముందు కోరుకునే అవకాశం ఇవ్వడం దీని ఉద్దేశం. ఫలితంగా పాయింట్లు కూడిన సీనియర్లు పట్టణాలకు చేరువవుతారు, మారుమూల బడులకు కొత్తవారు వస్తారు. మధ్యలో ఏర్పడే ఖాళీలను ‘వర్క్ అడ్జస్ట్‌మెంట్’ పేరుతో పక్క బడి పంతులును పంపి నెట్టుకొస్తారు. 2025లో బదిలీలను ప్రత్యేక చట్టం పరిధిలోకి తెచ్చారు.

పోస్టుల సంఖ్యను మార్చే ప్రక్రియ రేషనలైజేషన్. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు పంతుళ్లుండాలి. 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు 2020 జాతీయ విద్యా విధానాన్ని ఆధారం చేసుకుని బడులను శాటిలైట్ ఫౌండేషన్ నుంచి హైస్కూల్ ప్లస్ దాకా ఆరు రకాలుగా విభజించింది. దగ్గరలోని ప్రాథమిక బడుల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించింది. పసిపిల్లలు దూరం నడవాల్సి వస్తోందని తల్లిదండ్రులు, ప్రాథమిక బడులు ఏకోపాధ్యాయ బడులుగా మారుతున్నాయని సంఘాలు వ్యతిరేకించాయి. 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేసి, తరగతికొక పంతులు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు సహా తొమ్మిది రకాల బడుల అమరిక తెచ్చారు.

పదో తరగతి పరీక్ష

1969లో రాష్ట్రం పదేళ్ల బడి, రెండేళ్ల ఇంటర్మీడియట్, మూడేళ్ల డిగ్రీ పద్ధతికి మారింది. ఇంటర్ బోర్డు చట్టం 1971లో వచ్చింది. పదో తరగతి మాత్రం ప్రభుత్వ పరీక్షల డైరెక్టర్ చేతిలోనే ఉండిపోయింది. ఏడో తరగతి చివర జిల్లా స్థాయిలో కామన్ పరీక్ష జరిగేది. ఎనిమిదో తరగతి ముగిసేదాకా బోర్డు పరీక్ష పెట్టకూడదన్న విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక దానికి చోటు లేకుండా పోయింది.

పరీక్ష నిర్వహణ క్రమం పెద్దగా మారలేదు. నామినల్ రోల్స్ వెళ్తాయి, హాల్ టికెట్లు వస్తాయి. ప్రశ్నపత్రాలు పోలీస్ స్టేషన్‌లో భద్రంగా ఉంటాయి. పరీక్ష రోజు ఉదయం వాటిని కేంద్రానికి తెచ్చేది చీఫ్ సూపరింటెండెంట్, డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్. జవాబు పత్రాలను వేరే జిల్లాకు పంపి స్పాట్ వాల్యుయేషన్‌లో దిద్దుతారు. ఉత్తీర్ణతకు 35 మార్కులు, హిందీకి 20. కాపీయింగ్, లీకేజీలను శిక్షించే చట్టం 1997లో వచ్చింది.

మార్పులన్నీ ప్రశ్నపత్రంలోనూ మార్కుల విభజనలోనూ జరిగాయి. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో భాగంగా 2017 మార్చి పరీక్షల్లో 80 మార్కులు రాతకు, 20 బడి ఇచ్చే అంతర్గత మార్కులకు కేటాయించారు. 2019లో ఉత్తీర్ణత 94.88 శాతానికి చేరింది. ప్రైవేటు బడులు 20కి 20 వేసుకుంటున్నాయన్న విమర్శల మధ్య అదే ఏడాది అంతర్గత మార్కులను, విడి బిట్ పేపరును తీసేశారు. 2020లో కోవిడ్ వల్ల 11 పేపర్లను 6కు కుదించారు. చివరికి ఆ ఏడాదీ, 2021లోనూ పరీక్షలే జరగలేదు. రెండేళ్ల విరామం తర్వాత 2022లో ఉత్తీర్ణత 67.26 శాతం. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం నమోదైంది. 2024లో పార్వతీపురం మన్యం 96.37 శాతంతో మొదటి స్థానంలో, కర్నూలు 62.47 శాతంతో చివరి స్థానంలో నిలిచాయి. సీబీఎస్ఈకి మార్చిన 1,000 ప్రభుత్వ బడులను 2024–25లో తిరిగి రాష్ట్ర బోర్డు పరీక్షకు తెచ్చారు.

తరగతి గది పరీక్షలు

త్రైమాసిక, అర్ధ సంవత్సర, వార్షిక పరీక్షల చోట గత దశాబ్దంలో ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షలు వచ్చాయి. ఊళ్లో పిల్లలకు ఇవి ఎఫ్ఏ, ఎస్ఏలు. నాలుగు ఎఫ్ఏలలో ఒక్కోదానికి 50 మార్కులు ఉండేవి: పిల్లల ప్రతిస్పందనలకు 10, రాత పనికి 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు 20. ప్రశ్నపత్రాలు రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) తయారు చేస్తే, జిల్లా ఉమ్మడి పరీక్షల బోర్డు ముద్రించి పంపేది.

2022–23లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో నడిచే ‘సాల్ట్’ పథకంలో భాగంగా తరగతి గది ఆధారిత మూల్యాంకనం మొదలైంది. కొన్ని ఎఫ్ఏల స్థానంలో పిల్లలు ఓఎంఆర్ పత్రాల మీద గుండ్రాలు దిద్దారు. వాటిని స్కాన్ చేసి ఏ పిల్లవాడు ఏ అంశంలో వెనకబడ్డాడో నివేదిక ఇవ్వడం లక్ష్యం. 2025–26లో అసెస్‌మెంట్ పుస్తకాలు వచ్చాయి. ప్రశ్నలు, జవాబు రాసే చోటు ఒకే పుస్తకంలో ఉంటాయి. పంతులు దిద్ది మార్కులను యాప్‌లో ఎక్కిస్తారు. తల్లిదండ్రులు ఏడాది పొడవునా ఆ పుస్తకాన్ని చూడవచ్చు.

వలస కాలం, పరీక్షల కాలం

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల్లో వాన మీద ఆధారపడిన సేద్యమే ఎక్కువ. ఖరీఫ్ పంట చేతికి వచ్చాక, లేదా పోయాక, కూలి కుటుంబాలు పత్తి ఏరడానికీ మిరప కోయడానికీ గుంటూరు వైపు వెళ్తాయి. దీన్ని ఇక్కడ ‘సుగ్గికి పోవడం’ అంటారు. చిన్నపిల్లలను చూసుకోవడానికి పెద్దపిల్లలు కూడా వెంట వెళ్తారు. తిరిగి వచ్చేది ఎండాకాలం ముందు.

సిబ్బందికీ పరీక్షలకూ సంబంధించిన నిబంధనలు ఒకదానికొకటి అడ్డుపడేది ఇక్కడే. రేషనలైజేషన్‌కు లెక్కించే పిల్లల సంఖ్య బడి తెరిచిన తొలి నెలల్లోది. ఎస్ఏ-1, ప్రీఫైనల్ పరీక్షలు జరిగేది సుగ్గి కాలంలో. రిజిస్టరులో పేరుంది కాబట్టి పంతులు పోస్టు నిలుస్తుంది. పరీక్ష నాడు పిల్లవాడు లేడు కాబట్టి బడి ఫలితం పడిపోతుంది. పేర్లు తొలగిస్తే ఫలితం మెరుగ్గా కనిపిస్తుంది గాని పోస్టు పోతుంది.

దీనికి శాఖ ఇచ్చిన జవాబు సీజనల్ హాస్టళ్లు. తల్లిదండ్రులు వలస వెళ్లిన నెలల్లో పిల్లలకు బడిలోనే తిండి, పడక ఏర్పాటు చేస్తారు. ఆడపిల్లల కోసం 2004లో కేంద్రం మొదలుపెట్టిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఏడాది పొడవునా వసతి ఇస్తాయి. అయితే కేజీబీవీకి ఉన్నట్టు సీజనల్ హాస్టల్‌కు ఏడాది పొడవునా పనిచేసే సిబ్బంది ఉండరు. మంజూరు ఏటా సమగ్ర శిక్ష బడ్జెట్ నుంచి రావాలి. కుటుంబాలు బయల్దేరాక మంజూరైన హాస్టల్ ఆ ఏటి పిల్లలను ఆపలేదు. అందుకే ఈ మండలాల్లో ఎస్ఏ-1కి ఎందరు కూర్చుంటారన్నది ప్రశ్నపత్రం నమూనా కంటే హాస్టల్ తెరిచే తేదీ మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.