ఓకేఎం5 యాంటీబాడీ

ఓకేఎం5 అనేది మనిషి కణాల పైపొరలో ఉండే సీడీ36 ప్రోటీన్‌ను గుర్తించే ఎలుక మోనోక్లోనల్ యాంటీబాడీ. రక్తంలోని కొవ్వు ఆమ్లాలను గుండె, కండరాలు, కొవ్వు కణాల్లోకి చేర్చే పనిలో సీడీ36ది ముఖ్య పాత్ర. అయితే ఆ సంగతి తేలకముందే, ఫాల్సిపేరం మలేరియాలో ఈ ప్రోటీన్‌కు ఉన్న సంబంధాన్ని ఓకేఎం5 బయటపెట్టింది. మలేరియా, సికిల్‌సెల్ రక్తవ్యాధి రెండూ పీడిస్తున్న ఛత్తీస్‌గఢ్‌కు, దాన్ని ఆనుకుని ఉన్న తెలుగు ఏజెన్సీ ప్రాంతాలకు ఈ పరిశోధన ఎంతో అవసరమైనది.

పుట్టుక

1975లో కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోహ్లర్, సీజర్ మిల్‌స్టెయిన్ కలిసి యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణాన్ని, ఆగకుండా పెరిగే కేన్సర్ కణంతో జతచేశారు. దాంతో ఒకే రకం యాంటీబాడీని కావలసినంత కాలం తయారుచేసుకునే వీలు కలిగింది. ఈ కృషికి 1984లో వారికి నోబెల్ బహుమతి దక్కింది. 1980ల తొలినాళ్లలో అమెరికాలోని ఆర్థో సంస్థ పరిశోధకులు తెల్ల రక్తకణాల రకాలను గుర్తుపట్టేందుకు ఇదే పద్ధతిలో వరుసగా యాంటీబాడీలు రూపొందించారు. మోనోసైట్ల కోసం చేసినవాటిలో ఓకేఎం5 ఒకటి. అది ప్లేట్‌లెట్లకు, కొన్ని రక్తనాళాల లోపొర కణాలకు కూడా అతుక్కునేది. అది పట్టుకుంటున్న ప్రోటీన్ చేసే పనేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు.

మలేరియా పరిశోధనలో

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. వ్యాధి ఎలా వ్యాపిస్తుందో తేలే దారి దొరికింది కానీ, అది మనిషిని ఎలా చంపుతుందన్నది తేలలేదు. ఫాల్సిపేరం పరాన్నజీవి ముదిరాక, అది ఉన్న ఎర్ర రక్తకణాలు సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుపోతాయి. అలా ప్లీహానికి చిక్కకుండా తప్పించుకుంటాయి. వేలి నుంచి తీసిన రక్తంలో అవి అరుదుగా కనబడటానికి కారణం ఇదే.

1985లో జాన్ బార్న్‌వెల్, క్రిస్టియన్ ఓకెన్‌హౌస్, డేనియల్ నోల్స్ మోనోసైట్లకు, లోపొర కణాలకు, మెలనోమా కణాలకు ముందుగా ఓకేఎం5 పట్టించి చూశారు. పరాన్నజీవి ఉన్న ఎర్రకణాలు వాటికి అతుక్కోవడం ఆగింది. కణాలను గుర్తుపట్టడానికి చేసిన యాంటీబాడీ ఇలా వ్యాధిలో ఒక ప్రోటీన్ పాత్రను చూపింది. 1987లో త్రాంబోస్పాండిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకునేదీ ఓకేఎం5 గుర్తించే ప్రోటీనేనని తేలింది. 1989లో సీడీ36 జన్యువును వేరుచేసి, అతుక్కోవడానికి ఆ ఒక్క ప్రోటీన్ చాలునని నిరూపించారు. మెదడు మలేరియాలో మాత్రం ఇతర ప్రోటీన్ల పాత్ర ఎక్కువ.

కొవ్వు రవాణా

1993లో నాదా అబుమ్రాద్ బృందం ఎలుక కొవ్వు కణాల్లో కొవ్వు ఆమ్లాలను పట్టుకునే ప్రోటీన్ జన్యువును వెలికితీసింది. అది మనిషి సీడీ36ను పోలి ఉంది. ఆక్సీకరణం చెందిన చెడు కొలెస్ట్రాల్ రేణువులను సీడీ36 పట్టుకుంటుందని అదే ఏడాది మరో బృందం చూపింది. 1999లో సీడీ36 లేని ఎలుకలను సృష్టించాక, కొవ్వు రవాణాలో దాని పాత్ర ఖాయమైంది. ఇక మలేరియా విషయానికొస్తే, పరాన్నజీవి ప్రోటీన్ సీడీ36ను ఎలా పట్టుకుంటుందో 2016లో స్ఫటిక నిర్మాణం చూపింది.

ప్రయోగశాలలో వాడకం

కణాలను ఐసు మీద ఉంచి యాంటీబాడీ కలుపుతారు. కడిగాక, దాన్ని పట్టుకునే మెరిసే రంగు కట్టిన రెండో యాంటీబాడీ వేసి ఫ్లో సైటోమీటర్‌లో ఒక్కో కణం మెరుపును కొలుస్తారు. ఇక్కడ పెద్ద చిక్కు ప్లేట్‌లెట్లు. వాటి మీద సీడీ36 దండిగా ఉంటుంది కనుక, మోనోసైట్‌కు ఒక్క ప్లేట్‌లెట్ అంటుకున్నా లెక్క తప్పుతుంది. ఇది కాక, సీడీ36తో సంబంధం లేని అదే తరగతి ఎలుక యాంటీబాడీని పోలిక కోసం పక్కనే నడపాలి. ప్రోటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్ పరీక్షలో మరో చిక్కు ఉంది. సీడీ36 అసలు బరువు సుమారు 53 కిలోడాల్టన్లు. చక్కెర గొలుసులు తోడై జెల్ మీద అది 88 కిలోడాల్టన్ల దగ్గర పట్టీగా కనబడుతుంది. ఈ సంగతి తెలియనివారు సరైన పట్టీని తప్పుగా భావించే ప్రమాదం ఉంది.

ఛత్తీస్‌గఢ్ సందర్భం

రాయ్‌పూర్‌లో సికిల్‌సెల్ కోసం ప్రత్యేక సంస్థ ఉంది. 2012లో అక్కడ ఎయిమ్స్ మొదలైంది. బస్తర్ అడవుల్లో 2020లో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం ప్రారంభమైంది. సికిల్‌సెల్‌ను 2047 నాటికి నిర్మూలించాలన్న జాతీయ మిషన్ 2023 జులై 1న మొదలైంది.

ఈ రెండు వ్యాధుల కథలోనూ సీడీ36 ఉంది. సికిల్‌సెల్ రోగుల లేత ఎర్రకణాల మీద సీడీ36 ఉంటుందని, త్రాంబోస్పాండిన్ ద్వారా అవి రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయని 1992లో తేలింది. భరించలేని నొప్పులు తెచ్చే అడ్డంకులకు ఇదొక కారణం. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే సికిల్ జన్యువు అందినవారికి తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లోనే గుర్తించారు. అలాంటివారి ఎర్రకణాల్లో పరాన్నజీవి చేరినా, వాటికి గోడలను అంటుకునే బలం తక్కువని 2008లో తేలింది. కాబట్టి బస్తర్‌లోనైనా, చింతూరు, భద్రాచలం మన్యంలోనైనా ఈ రెండు వ్యాధుల మీద పరిశోధన కలిసి సాగాలి. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉన్న జబ్బులవి.