చేపల మేత రాసిపెట్టిన చాళుక్య రాజు

మిరుగు, అంటే మృగశిర కార్తె, దగ్గర పడింది. ధర్పల్లిలో, నిజామాబాద్ అంగళ్లలో చేపల గిరాకీ మొదలవుతుంది. రామడుగు ప్రాజెక్టు దిక్కు గాలాలు బయలుదేరుతాయి. కొందరు ఎర్రలు తవ్వుకుపోతే, కొందరు తవుడు, గానుగపిండి కలిపి ముద్ద కడతారు. పాళ్లు ఎవరివి వాళ్లవే. వాసన లేని ముద్ద చేప ముట్టదన్న మాట మాత్రం అందరిదీ.

బోధన్ ఒకప్పటి అశ్మక రాజధాని పోదనమేనని చరిత్రకారులు చెబుతారు. రాష్ట్రకూటులు ఏలారు, వేములవాడ చాళుక్యులు ఏలారు. ఆ శాసనాల్లో గుళ్లకిచ్చిన మాన్యాలు దొరుకుతాయి గానీ గాలం పట్టినవాళ్ల ఊసు దొరకదు. అందుకే నేరుగా 12వ శతాబ్దంలోకి, కళ్యాణి చాళుక్యుల కాలానికి పోదాం.

ఆరో విక్రమాదిత్యుని కొడుకు మూడో సోమేశ్వరుడు. ఆయన రాజధాని నేటి బీదరు జిల్లా బసవకళ్యాణ్. ఆ జిల్లా మీదుగా వచ్చే మంజీరే మన కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆయన సంస్కృతంలో రాసిన 'మానసోల్లాసం' నూరు అధ్యాయాల విజ్ఞాన భాండారం. ఏనుగులు, రత్నాలు, వంటలు, సంగీతం అన్నీ అందులో ఉన్నాయి. నాకు ప్రాణమైనది మాత్రం చేపల వేట మీది అధ్యాయం 'మత్స్యవినోదమే'. పొలుసున్న చేపలేవి, లేనివేవి, ఏ జాతికి ఏ మేత పెట్టాలి, గడ ఎట్లుండాలి, దారం దేనితో పేనాలి, గాలం వేసే ముందు నీళ్లలో మేత చల్లి చేపను ఆ తావుకు ఎట్లా అలవాటు చేయాలి, ఇవన్నీ ఓ చక్రవర్తి కూర్చుని రాశాడు. నీటి అంచున ఓపికగా కూర్చోనివాడు ఇది రాయలేడు. 1951లో జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా ఈ అధ్యాయం మీద వ్యాసం రాసి లోకానికి చూపించారు.

ముందుగా మేత చల్లడంలోని కిటుకు తర్వాతి శాస్త్రానికి అందింది. చేప ముక్కు ఊపిరి కోసం కాదు, వాసన కోసమే. నీటిలో కరిగే అమైనో ఆమ్లాలను అది బాగా పసిగడుతుంది. ఎర పులిసినా, మాంసం చివికినా అవే బయటికొస్తాయి. నూనె నీటిలో కరగదు కాబట్టి ఉత్త నూనె పూస్తే వాసన అంత దూరం పోదు. వాలుగకూ జెల్లకూ మీసాల మీద కూడా రుచి మొగ్గలుంటాయి, అవి బురదనీటిలోనూ ఎరను వెతుక్కుంటాయి. కొర్రమీనుకు కదిలే ఎర ముఖ్యం. మనిషి చేతి వాసనా తక్కువది కాదు. చర్మం మీది సెరీన్‌కు సాల్మన్ చేపలు బెదురుతాయని 1956లో కెనడా శాస్త్రవేత్తలు తేల్చారు.

మళ్లీ మన దిక్కుకు వద్దాం. 1931కి నిజాంసాగర్ కట్టడం పూర్తయింది. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. రబ్బరు ఎరలు, వాటికి పూసే వాసన సీసాలు ఇప్పుడు ఫోన్లో ఆర్డరిస్తే ఇంటికొస్తాయి. సీసా మీద కంపెనీ పేరుంటుంది గానీ రామడుగు నీళ్లలో రవ్వకు ఏది పనికొస్తుందో ఉండదు. అది తెలిసినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. ఈ మిరుగుకు కట్ట మీదికి పోయేవాళ్లు ఏ చేపకు ఏ ముద్దో, ఎంత పులియబెట్టాలో పెద్దలనడిగి రాసిపెట్టండి.