వాహనాల రంగుపూతపై గీతలు, రాతి దెబ్బలు

కారు, ఆటో, వ్యాను వంటి మోటారు వాహనాల పైరేకుకు గట్టి వస్తువు రాసుకొని రంగు చెదిరితే దానిని గీత అంటారు. ముందు వెళ్ళే వాహనపు చక్రాల కింద నుండి ఎగిరిన కంకర రాయి తగిలి రంగు చిన్న పెచ్చుగా ఊడిపోతే దానిని రాతి దెబ్బ అంటారు. పొడి వాతావరణం గల ప్రాంతాలలో ఇవి చాలా కాలం కేవలం అందానికి సంబంధించిన లోపాలుగానే ఉండిపోతాయి. సముద్ర తీరాన మాత్రం ఇవి తుప్పుకు ద్వారాలు అవుతాయి. ఆంధ్ర ప్రదేశ్ లోని విశాఖపట్నం నగరములో, ముఖ్యంగా ఫిషింగ్ హార్బర్ పరిసరాలలో తిరిగే వాహనాలకు ఈ సమస్య ఎక్కువ. దెబ్బ ఎంత పొడవు ఉన్నది అన్నదాని కంటే ఎంత లోతుకు దిగినది అన్నదే చికిత్సను నిర్ణయిస్తుంది.

రంగుపూత నిర్మాణం

కారు పైరేకు సాధారణంగా ఒక మిల్లీమీటరు కంటే పలుచని ఉక్కు రేకు. ఆధునిక వాహనాలలో చాలావాటి రేకుకు తయారీలోనే జింకు పూత ఉంటుంది. దానిపై ఫాస్ఫేటు పొర, తరువాత విద్యుత్ సహాయంతో అంటించిన ప్రైమరు, దానిపై మరొక ప్రైమరు, ఆపై అసలు రంగు, అన్నిటికంటే పైన క్లియర్ కోటు అనే పారదర్శకమైన పొర వరుసగా ఉంటాయి. ఇవన్నీ కలిపినా మందం సుమారు 100 నుండి 150 మైక్రాన్లు మాత్రమే. అంటే మిల్లీమీటరులో పదో వంతు కంటే కొంచెం ఎక్కువ. ఇందులో క్లియర్ కోటు వాటా దాదాపు 40 నుండి 50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుండి రంగును కాపాడేది ఈ పొరే.

రాయి వేగంగా తగిలినపుడు ఈ పొరలన్నీ ఒకే చోట పగిలి రేకు బయటపడవచ్చు. అందువల్ల చూడటానికి చిన్నదైన రాతి దెబ్బ, పొడవైన పైపై గీత కంటే ప్రమాదకరం. బానెట్టు అంచు, ముందు బంపరు, చక్రాల పైనున్న రేకు, తలుపుల కింది భాగం దీనికి ఎక్కువగా గురి అవుతాయి.

ఉప్పుగాలి, తుప్పు

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిసిన చోట తుప్పు పుడుతుంది. నీటిలో ఉప్పు కరిగి ఉంటే విద్యుత్ సులభంగా ప్రవహించి ఈ చర్య వేగవంతమవుతుంది. ఉప్పులోని క్లోరైడు, లోహంపై ఏర్పడే రక్షణ పొరలను కూడా దెబ్బ తీస్తుంది. అంతేకాక ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడు తనంతట తానే తడిసిపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడు ఇంకా తక్కువ తేమకే తడుస్తుంది. కనుక వాన పడకపోయినా తీరంలోని రేకు పైన పలుచని ఉప్పునీటి పొర నిలిచి ఉంటుంది.

తుప్పు, తాను తినివేసిన ఇనుము కంటే ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. అందుచేత దెబ్బ చుట్టూ ఉన్న మంచి రంగును కూడా కింద నుండి పైకి లేపుతుంది. రంగుపై కనబడే పొక్కులు దీని ఫలితమే. జింకు పూత ఉన్న రేకులో ముందుగా జింకు కరిగి ఇనుమును కొంతకాలం కాపాడుతుంది గాని ఈ రక్షణ శాశ్వతం కాదు.

అలల నురుగు నుండి లేచే ఉప్పు తుంపర తీరానికి దగ్గరగా ఎక్కువగా పడుతుంది. లోపలికి వెళ్ళేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో 2002లో ప్రదర్శనశాలగా మార్చబడిన కురుసుర జలాంతర్గామి ఇటువంటి వాతావరణంలోనే నిలిచి ఉంది. దాని ఉక్కు దేహానికి ఎప్పటికప్పుడు తుప్పు గోకి రంగు వేయవలసి వస్తుంది.

ఫిషింగ్ హార్బర్ పరిసరాలు

ఫిషింగ్ హార్బర్ విశాఖపట్నం ఓడరేవు ఔటర్ హార్బరుకు ఆనుకొని ఉంది. ఇక్కడ వాహనాలకు ఉప్పు రెండు విధాలుగా చేరుతుంది. మొదటిది సముద్రపు గాలి. రెండవది చేపల రవాణా. మంచులో పెట్టిన చేపల నుండి కారే నీరు వాహనాల తొట్టిలోను, రోడ్డు మీద కూడా పడుతుంది. చేపల పెట్టెలను ఈడ్చినపుడు తొట్టి రేకుకు గీతలు పడతాయి. ఆ గీతలలోనికి ఈ నీరు చేరితే రేకు లోపలి వైపు నుండి తినివేయబడుతుంది. వాహనమే జీవనాధారమైన వారికి ఇది అందానికి సంబంధించిన విషయం కాదు. తొట్టి అడుగు రంధ్రాలు పడితే మరమ్మతు ఖర్చుతో పాటు పని దినాలు కూడా నష్టపోతారు.

ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న నగరం కావడం వల్ల భారీ లారీల రాకపోకలు ఎక్కువ. వాటి చక్రాల కింది కంకర వెనుక వచ్చే వాహనాలకు తగులుతుంది. రైలు పట్టాలు, బ్రేకులు, లోహాన్ని సానపట్టే పనుల నుండి వచ్చే సన్నని ఇనుప రజను రంగుపై అంటుకొని నారింజ రంగు చుక్కలుగా తుప్పు పడుతుంది. వీటిని చూసి కారు రేకే తుప్పు పట్టినదని పొరబడటం కద్దు. ఇనుప రజనును కరిగించే ద్రావకంతోను, శుభ్రపరచే బంకమట్టితోను వీటిని తొలగించవచ్చు.

ఉప్పుతో పోరాటం హార్బరులోని మరపడవలకు కొత్త కాదు. తూర్పు తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేట నిషేధం అమలులో ఉంటుంది. ఈ సమయంలో పడవలను ఒడ్డుకు చేర్చి, అడుగుభాగాన్ని గోకి, మరమ్మతులు చేసి రంగులు వేస్తారు. కడగడం, గోకడం, ఆరబెట్టడం, ఆ తరువాతనే రంగు వేయడం అన్న ఈ వరుస కారు రేకుకు కూడా వర్తిస్తుంది.

లోతును గుర్తించడం

గీతను నీటితో తడిపినపుడు అది కనబడకుండా పోతే, గీత క్లియర్ కోటులోనే ఉన్నదని భావించవచ్చు. గోటిని అడ్డంగా నెమ్మదిగా పోనిచ్చినపుడు గోరు తట్టుకుంటే గీత లోతైనది. లోపల బూడిద రంగు లేదా తెలుపు కనబడితే ప్రైమరు వరకు, మెరిసే లోహం గాని గోధుమ రంగు గాని కనబడితే రేకు వరకు దిగినదని అర్థం. ప్లాస్టిక్ బంపర్లకు తుప్పు పట్టదు. అక్కడ తొందర లేదు.

మరమ్మతు విధానం

పైపై గీతలు: వాహనాన్ని కడిగి, ఆరిన తరువాత రబ్బింగ్ కాంపౌండుతో మెత్తని గుడ్డపై రుద్ది, తరువాత పాలిష్ పెడతారు. ప్రతిసారీ క్లియర్ కోటు కొంత అరిగిపోతుంది కనుక దీనిని తరచుగా చేయరాదు.

రేకు వరకు దిగిన దెబ్బలు: వీటికి క్రింది వరుస పాటించాలి.

1. మంచినీటితో ఉప్పు పూర్తిగా పోయేలా కడిగి, నీడలో ఆరనివ్వాలి. తీర ప్రాంతాలలో కొన్ని చోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. అది పనికిరాదు.
2. మైనం, జిడ్డు పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి.
3. ఊడిపోతున్న అంచులను తీసివేసి, తుప్పు ఉంటే మెరిసే లోహం కనబడే వరకు సన్నని ఎమరీ కాగితంతో రుద్దాలి.
4. దెబ్బ ఉన్నంత మేరకే సన్నని కుంచెతో ప్రైమరు పెట్టాలి.
5. ప్రైమరు ఆరిన తరువాత రంగును పలుచని పూతలుగా, ఒకటి ఆరాక మరొకటి పెట్టాలి.
6. చివరగా క్లియర్ కోటు పెట్టి, పూర్తిగా గట్టిపడిన తరువాత 2000 నంబరు కాగితంతో తడిగా రుద్ది పాలిష్ చేయాలి.

రంగు సంకేత సంఖ్య తలుపు చట్రం మీదనో బానెట్టు కిందనో ఉండే పలకపై ముద్రించి ఉంటుంది. మెటాలిక్ రంగులలోని లోహపు రేణువులు కుంచెతో పెట్టినపుడు వేరే విధంగా అమరుతాయి కనుక మచ్చ పూర్తిగా కలిసిపోదు. అయినా రేకుకు రక్షణ లభిస్తుంది. కుంచెతో చేసే పనికి ప్రధాన ప్రయోజనం అదే.

తుప్పు గోకకుండా దానిపై లప్పం పెట్టి రంగు వేయడం సాధారణంగా జరిగే పొరపాటు. లప్పం తేమను పీల్చుకుంటుంది. లోపల మిగిలిన ఉప్పు, తుప్పు పని చేస్తూనే ఉంటాయి. కొంతకాలానికి అదే చోట పొక్కు లేస్తుంది. రేకుకు రంధ్రం పడితే ఆ భాగాన్ని కోసి కొత్త రేకు అతికించడం టింకరింగ్ పనివారు చేయవలసిన పని.

అనువైన సమయం

ఆర్ద్రత 85 శాతం దాటినపుడు రంగు వేయరాదు. రేకు ఉష్ణోగ్రత మంచు బిందువు కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉండాలి. తేమలో వేసిన పూత తెల్లబారవచ్చు, సరిగా అంటుకోకపోవచ్చు. అందుచేత తీరంలో తెల్లవారుజామున, వాన ముసురులో ఈ పని మానుకోవాలి. పొద్దెక్కిన తరువాత నీడపట్టున చేయడం మంచిది. అనుకూలమైన రోజు దొరికే వరకు దెబ్బను కడిగి, ఆరబెట్టి, పలుచగా మైనం పూసి ఉంచవచ్చు. రంగు వేసే ముందు ఆ మైనాన్ని తప్పక తొలగించాలి.

నివారణ

వారానికి ఒకసారి మంచినీటితో కడగడం అన్నిటికంటే చవకైన రక్షణ. వాన నీరు పైభాగంలోని ఉప్పును కడిగివేస్తుంది గాని చక్రాల లోపలి వైపు, వాహనపు అడుగు వంటి వాన సోకని చోట్ల ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. అందువల్ల అడుగుభాగాన్ని ప్రత్యేకంగా కడగాలి. తలుపుల కింది నీటి రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. దుమ్మును పొడి గుడ్డతో దులిపితే ఆ దుమ్మే కొత్త గీతలు పెడుతుంది. చేపలు రవాణా చేసే వాహనాలలో తొట్టికి రబ్బరు పరుపు వేసి, ప్రతి సరుకు దింపిన తరువాత ఆ పరుపును ఎత్తి కింద కూడా కడగాలి. లేనియెడల దాని కింద నిలిచిన ఉప్పునీరు మరింత హాని చేస్తుంది. బానెట్టు అంచుకు పారదర్శకమైన రక్షణ పొరను అంటిస్తే రాతి దెబ్బల తీవ్రత తగ్గుతుంది. లారీల వెనుక తగినంత దూరం పాటించడం అన్నిటికంటే సులభమైన ఉపాయం.

బీమా

భారతదేశములో వాహనపు సొంత నష్టానికి వర్తించే బీమా, ప్రమాదవశాత్తు తగిలిన దెబ్బలకు పరిహారం ఇస్తుంది. కాలక్రమంలో పట్టిన తుప్పు, సాధారణ అరుగుదల దీని పరిధిలోకి రావు. పరిహారం కోరితే మరుసటి సంవత్సరపు ప్రీమియంలో లభించే నో క్లెయిమ్ బోనస్ కోల్పోవలసి వస్తుంది. ఇది 20 నుండి 50 శాతం వరకు ఉంటుంది. కనుక ఒకటి రెండు రాతి దెబ్బలకు బీమా కోరడం కంటే, తుప్పు పట్టక ముందే వాటిని మూసివేయడం తక్కువ ఖర్చుతో పోతుంది.