పాతబస్తీ గేదెల పేడ.. నాలాలో పడితే కాలుష్యం, కుండీలో పడితే ఎరువు!

హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో ఇప్పటికీ గేదెల కొట్టాలు ఉన్నాయి. వీటినే ఇక్కడ తబేలాలు అంటారు. పొద్దున్నే చిక్కటి పాలు దొరుకుతాయి, బాగానే ఉంది. మరి పేడ సంగతేంటి? పైపుతో నీళ్లు కొట్టి కడిగేస్తే నాలాలోకి, అక్కడి నుంచి మూసీలోకి పోతుంది. నగరం దాటాక అదే మూసీ నీళ్లతో గడ్డి పెంచుతారు. ఆ గడ్డి మళ్లీ నగరంలోని గేదెలకే మేతగా వస్తుంది. అంటే నాలాలో వదిలింది తిరిగి మన దగ్గరికే!

రోజుకు ఎంత పేడ?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో డెయిరీలు, గోశాలలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ఒక్కో పశువు రోజుకు 15-20 కిలోల పేడ వేస్తుంది. 10 గేదెలుంటే కనీసం 150 కిలోలు. దీన్ని నాలాల్లో వదలకుండా కంపోస్ట్, వర్మీకంపోస్ట్, బయోగ్యాస్‌కు వాడాలన్నది మండలి మాట.

పాలు ఒలికినా నష్టమే

లీటరు పాలు నీళ్లలో కుళ్లడానికి సుమారు 100 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. అందుకే క్యాన్లు కడిగిన మొదటి నీళ్లను నాలాలో పోయకుండా, కంపోస్ట్ కుప్ప మీద కొద్దికొద్దిగా చల్లడం మేలు.

ఎరువు ఎలా చేయాలి?

* పచ్చి పేడను నేరుగా మొక్కలకు వేయొద్దు. వేడికి వేర్లు మాడిపోతాయి.
* ఎండుటాకులు, గడ్డి కలిపి నీడలో 2-3 వారాలు మాగనివ్వాలి.
* వేడి తగ్గాకే వానపాములు వదలాలి. తడి ఆరనివ్వొద్దు, నీళ్లు నిలవనివ్వొద్దు.
* 45-60 రోజుల్లో టీ పొడిలా నల్లగా మారుతుంది. పేడ వాసన పోయి మట్టి వాసన వస్తే రెడీ అయినట్టే.
* కుండీల్లో మూడు వంతుల మట్టికి ఒక వంతు కలిపితే చాలు.

గ్యాస్ కూడా వస్తుంది

25 కిలోల పేడతో దాదాపు ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ తయారవుతుంది. 150 కిలోలతో వచ్చే గ్యాస్ సుమారు రెండున్నర కిలోల ఎల్పీజీకి సమానం. గ్యాస్ తీశాక మిగిలే స్లర్రీలో నత్రజని అలాగే ఉంటుంది. అదీ మొక్కలకు మంచి ఎరువే.

తబేలాలో కుప్ప పెట్టే చోటు లేకపోవచ్చు. కానీ చుట్టుపక్కల మిద్దెల మీద కుండీలున్నాయి. పేడను కడిగేయకుండా పారతో ఎత్తి పక్కన పెడితే సగం పని అయిపోయినట్టే!