ముందు సీట్లో మూడో మనిషి

కౌతాళంలో మా ఇంటి ముందర వేపచెట్టు కింద ఒక అంబాసిడర్ ఉంది. 1972 మోడల్, మార్క్ 2. మా అబ్బ దాన్ని 1979లో ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. (సీమ బయటి పాఠకులకు: మాకు అబ్బ అంటే తాత.) 2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేశాను. పగలు ఆఫీసు పని, సాయంత్రం కారు పని. ఏళ్ల తరబడి కదలని బండిని నడిచే స్థితికి తెచ్చేసరికి ఇంకో ప్రశ్న ఎదురైంది. దీనికి డిస్క్ బ్రేకులూ ఐదు గేర్ల గేర్‌బాక్సూ బిగిస్తే ఇది ఇంకా మా అబ్బ కారేనా?

పలకలన్నీ మార్చేసిన గ్రీకు ఓడ కథ ఇక్కడ చెప్పబోవడం లేదు. ఆ ఓడని ఎవరూ ఆదోని రోడ్డు మీద నడపలేదు.

అసలు కారు, ఒరిజినల్ కారు అని పాత బండ్ల ప్రేమికులు చాలా గట్టిగా మాట్లాడతారు. అంబాసిడర్ చరిత్ర చదవడం మొదలుపెడితే మాత్రం ఆ మాట చేతిలో నిలవదు. బి.ఎం. బిర్లా 1942లో గుజరాత్ తీరాన ఓఖా రేవులో హిందుస్తాన్ మోటార్స్ పెట్టాడు. 1948లో ఫ్యాక్టరీ కలకత్తా పక్కన ఉత్తర్‌పారాకి మారింది. ఇంగ్లండ్‌లోని మోరిస్ కంపెనీ కారు ఏది దొరికితే అది ఇక్కడ పేరు మార్చుకుని తయారయ్యేది. మోరిస్ 10 వచ్చి హిందుస్తాన్ 10 అయింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ 1954లో ల్యాండ్‌మాస్టర్ అయింది. మూడో సిరీస్ 1957లో అంబాసిడర్ అయింది. కన్నవాళ్లు ఆ మూడో సిరీస్‌ని 1959లోనే ఆపేశారు. పెంచుకున్నవాళ్లు 2014 మే వరకూ తయారు చేస్తూనే ఉన్నారు. చివరి ఆర్థిక సంవత్సరంలో అమ్ముడుపోయినవి సుమారు 2,200. తర్వాత 2017లో ఆ పేరుని ప్యూజో కంపెనీ 80 కోట్లకి కొనుక్కుంది. పేరు మాత్రమే.

ఆ యాభై ఏడేళ్లలో పైడొప్ప పెద్దగా మారలేదు కాబట్టి కారే మారలేదని అందరం అనుకుంటాం. లోపల మాత్రం మారుతూనే వచ్చింది. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌కి తోడు డీజిల్ వచ్చింది. 1990ల మొదట్లో జపాన్ ఇసుజు వాళ్ల 1.8 లీటర్ ఇంజినూ, దానితో ఐదు గేర్ల పెట్టే వచ్చాయి. గేర్ రాడ్డు స్టీరింగ్ కింది నుంచి నేల మీదికి దిగింది. ముందు చక్రాలకి డిస్కులొచ్చాయి. ఇవన్నీ కంపెనీ చేసిన మార్పులు. కంపెనీ కంటే ముందు మెకానిక్కులు చేసినవి వేరే ఉన్నాయి. పెట్రోలు ధర భరించలేక మెటడార్ వ్యాను డీజిల్ ఇంజిన్ తెచ్చి అంబాసిడర్‌లో కూర్చోబెట్టడం ఒకప్పుడు దేశమంతా మామూలు పని. బోల్టులు కలవకపోతే లేతు మీద ప్లేట్ కోయించేవాళ్లు. ముందు భాగం బరువెక్కి కుంగితే స్ప్రింగుల సంగతి చూసేవాళ్లు. ఒక్క కాగితం మీద కూడా డ్రాయింగ్ లేదు. మా వృత్తి భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేని కోడ్, అయినా నడిచింది. అంబాసిడర్ మీద వచ్చిన కాఫీ టేబుల్ పుస్తకాల్లో ప్రధానమంత్రులూ ఎర్రబుగ్గలూ ఉంటాయి. ఈ లేతు ప్లేట్లు ఉండవు. నా ఫిర్యాదు అదే.

2021 చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆదోని నుంచి వస్తున్నాం. అమ్మ పక్కన ఉంది, వెనక అక్క పిల్లలు. పత్తి సీజను. ముందు ఒక ట్రాక్టరు, రోడ్డు సగం ఆక్రమించి, ట్రాలీ నిండా విడి పత్తితో పోతోంది. బ్రేకు తొక్కాను. పెడల్ నేలకి తగిలింది. రెండోసారి తొక్కినా అంతే. హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడు నుంచి రెండుకి గేరు దించి, ఒకటికి దించబోతే గర్రుమంది గానీ పడలేదు. ఇంక దారి లేక ఎడమకి తిప్పేశాను. చేను తడిగా ఉంది. మమ్మల్ని ఆపింది బ్రేకు కాదు, నల్లరేగడి. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. పిల్లలు మాత్రం మళ్లీ చేద్దామన్నారు.

తెలుగు సినిమాలో బ్రేకులు ఫెయిల్ కావాలంటే విలన్ మనిషి కారు కింద దూరి పైపు కొయ్యాలి. నిజానికి రూపాయంత రబ్బర్ కప్పు చాలు. వెనక ఎడమ చక్రం సిలిండర్లో కప్పు చిట్లి ఆయిల్ మొత్తం కారిపోయింది. మరి మిగతా మూడు చక్రాల బ్రేకులు ఏమయ్యాయి? అప్పటి డిజైన్లో మాస్టర్ సిలిండర్‌కి గది ఒక్కటే, నాలుగు చక్రాలకీ దారి ఒక్కటే. ఎక్కడ ఒక్క చుక్క కారినా అన్నీ పోతాయి. అమెరికా 1968 నుంచి కొత్త కార్లలో ఈ దారిని రెండుగా చీల్చి తీరాలని నియమం పెట్టింది. ఒక సగం పోయినా రెండో సగం బండిని ఆపుతుంది. మా బండి 1972లో తయారైంది, ఒకే దారితో. ఆలస్యమంటే ఇదీ. లైసెన్స్ రాజ్ గురించి రాసేవాళ్లు బుకింగ్ చేసి ఏళ్లు ఎదురుచూసిన కథలే చెప్తారు. కారు కోసం నిరీక్షణ కనపడుతుంది. కారు లోపల రావాల్సింది రాకపోవడం కనపడదు, పెడల్ నేలకి తగిలేదాకా.

డిస్క్ బ్రేకుది కూడా నిరీక్షణే. లాంచెస్టర్ అనే ఇంగ్లీషాయన 1902లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1953లో జాగ్వార్ కారు డిస్కులతో లె మాన్ ఇరవై నాలుగు గంటల రేసు గెలిచాకే లోకం దానివైపు చూసింది. తేడా ప్రధానంగా వేడిది. డ్రమ్ములో షూలు లోపలి నుంచి బయటికి ఒత్తుతాయి. వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరంగా జరుగుతుంది, పెడల్ ఇంకా లోపలికి పోతుంది. వాన నీళ్లు చేరితే తొందరగా ఆరవు. డిస్కు గాలికి బయటే తిరుగుతుంది, వేడెక్కి దళసరి అయితే ప్యాడ్‌కి ఇంకా దగ్గరవుతుంది. కానీ డ్రమ్ముకి ఒక మంచి గుణముంది. తిరిగే డ్రమ్మే ముందు షూని తనలోకి లాక్కుంటుంది కాబట్టి కాలికి శ్రమ తక్కువ. డిస్కు అలా సాయం చేయదు. అందుకే దానికి బూస్టర్ కావాలి.

ఆదోనిలో మాకు తెలిసిన మెకానిక్ షెడ్డుంది. అక్కడి మేస్త్రీకి నా సందేహాలన్నీ చెప్పాను. ఒరిజినాలిటీ, చరిత్ర, అబ్బ జ్ఞాపకం. ఆయన పానా తుడుచుకుంటూ విని ఒకటే అడిగాడు.

"సార్, ఇది నడిపేకా, చూసేకా?"

సామాన్ల కోసం కలకత్తా మల్లిక్ బజార్ దాకా ఫోన్లు చేశాం. పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలు నగరంలో తిరగకూడదని 2008లో కలకత్తా హైకోర్టు ఆదేశించాక పసుపు టాక్సీలు ఎన్నో తుక్కుకి పోయాయి. వాటి ఎముకలు ఇలా ఊరూరికీ చేరతాయి. మాకు వచ్చినవి తర్వాతి కాలపు అంబాసిడర్ ముందు హబ్బులు, డిస్కులు, క్యాలిపర్లు. రెండు గదుల మాస్టర్ సిలిండర్ విడిగా సంపాదించాం. పని మొత్తం ఇంటి దగ్గరే, వేపచెట్టు కిందే జరిగింది. మేస్త్రీ ఆదివారాలు వచ్చేవాడు. మా బండిలో పెడళ్లు నేలలోంచి పైకి పొడుచుకొస్తాయి, కాబట్టి పెడల్ ఎదురుగా బూస్టర్ పెట్టే చోటు లేదు. దాన్ని ఇంజిన్ పక్కన బిగించి, ముందు చక్రాల లైను దాని గుండా పోనిచ్చాం. పైపుల్లో గాలి తీయడానికి అమ్మ డ్రైవర్ సీట్లో కూర్చుంది. "తొక్కమ్మా. పట్టుకో. వదులు." ఒక సాయంత్రమంతా ఇదే. మధ్యలో అమ్మ అంది, "మీ అబ్బ కూడా నాతో ఇట్లానే తొక్కిచ్చేవాడు." అది నాకు తెలియదు. కోడలు పెడల్ తొక్కుతుంటే మామ కారు కింద పడుకుని ఉండటం 1980ల కౌతాళంలో ఎలా కనపడి ఉంటుందో ఊహించుకుంటూ ఉండిపోయాను.

మొదటిసారి ఊరి చివరి దాకా వెళ్లొచ్చేసరికి కుడిచక్రం దగ్గర కమురు వాసన. చెయ్యి పెట్టలేనంత వేడి. మేం బిగించిన సిలిండర్ నాలుగు డ్రమ్ముల బండి కోసం చేసింది. డ్రమ్ము లైన్లో కాస్త ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచే చిన్న వాల్వ్ ఒకటి అందులో ఉంటుంది. షూలని వెనక్కి లాగే స్ప్రింగుల ముందు ఆ ఒత్తిడి లెక్కలోది కాదు. డిస్కు దగ్గర అలాంటి స్ప్రింగు లేదు కాబట్టి ప్యాడ్ అంటుకునే ఉండిపోయింది. ముందు లైను వాల్వ్ తీసేశాక సరిపోయింది. పాతదీ కొత్తదీ కలిపేచోట తప్పులు ఇలాగే వస్తాయి. రెండూ విడివిడిగా సరైనవే.

బ్రేకుల తర్వాత గేర్‌బాక్స్. దీని మీద నాకు మోజు ఎక్కువ. పాత పెట్టెలో నాలుగు గేర్లు, ఒకటో గేరుకి సింక్రోమెష్ లేదు. బండి నడుస్తుండగా ఒకటికి దించాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో న్యూట్రల్లో ఆక్సిలరేటర్ ఇచ్చి, పళ్ల వేగాలు కలపాలి. ఆ రోజు చేతకానిది అదే. స్టీరింగ్ కింది రాడ్డు నుంచి గేర్‌బాక్స్ దాకా పోయే లింకులు అరిగితే గేరు మధ్యలో ఇరుక్కుంటుంది. బానెట్ ఎత్తి చేత్తో విడదీయాలి. ఇసుజు పెట్టెలో ఈ గోలేమీ లేదు. ఐదో గేరులో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, హైవేలో పెట్రోలు మిగులుతుంది. పాత ఇంజిన్‌కి అది నేరుగా కూర్చోదు. మధ్యలో ప్లేట్ చేయించాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిచేయాలి, నేల రేకు కోయాలి. ఇవన్నీ అయ్యే పనులే. లేతు కోసం కొలతలు కూడా తీసుకున్నాం.

నేల మీద గేర్ రాడ్డు నిలబడే చోటు సుద్దతో గీయడానికి ముందు సీటు బయటికి లాగాం. గీత సరిగ్గా నడిమధ్యన పడింది. అది నా చోటు. చిన్నప్పుడు ఉరుకుంద ఈరన్నస్వామి గుడికి పోయినా, మంత్రాలయం పోయినా, ఎమ్మిగనూరులో పెళ్లికి పోయినా అబ్బ స్టీరింగ్ దగ్గర, చిన్నాయన కిటికీ దగ్గర, నేను మధ్యలో. కుట్టుకుట్టిన ఒకే పొడుగు సీటు, కాళ్ల ముందు ఏ అడ్డమూ ఉండేది కాదు. అంబాసిడర్ పెద్ద కారు అని పేరు రావడానికి ఆ రాడ్డు స్టీరింగ్ కింద ఉండటం ఒక కారణం. ముగ్గురు కూర్చునేచోట నలుగురు కూర్చున్న టాక్సీలు ఎవరు చూళ్లేదు? రాడ్డు నేల మీదికి వచ్చిన తర్వాతి అంబాసిడర్లలో బయటి నుంచి కారు అదే, లోపల మాత్రం ఒక మనిషి తగ్గాడు. కార్ల చరిత్రల్లో దీన్ని ఆధునికీకరణ అనే రాస్తారు. మా ఆర్‌సీలో సీట్లు ఆరని ఉంది.

చట్టం సంగతీ చెప్పాలి. నేను లాయర్ని కాను, ఇది సలహా కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో ఇంజిన్ నంబరుంటుంది, సీట్లుంటాయి, బ్రేకు రకం ఉండదు. అయితే ఆ తయారీదారు ఏ సంవత్సరపు తయారీదారు? మేం బిగించిన డిస్కులు కూడా ఉత్తర్‌పారా కార్లవే. రెండోది, 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి కొత్త నిబంధనలు తెచ్చింది. రిజిస్ట్రేషనై యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా ఉంటే, 20,000 రూపాయలు కట్టి "వీఏ" అక్షరాల నంబర్ ప్లేట్ తీసుకోవచ్చు. మా కారుకి 2022లో యాభై నిండాయి. బ్రేకుల మాట అందులో లేదు కానీ నేల రేకు కోస్తే బాడీ మార్చినట్టే. నేను ఉబలాటపడి చదువుతూ పోయి తర్వాతి నిబంధన దగ్గర ఆగాను. అలా రిజిస్టర్ చేసిన బండిని రోజువారీగా నడపకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, అలాంటి వాటికే బయటికి తీయాలి. ఉరుకుందకి పోవడం ర్యాలీ కిందికి వస్తుందా అని మేస్త్రీని అడిగితే, శ్రావణమాసం సోమవారమైతే వస్తుందన్నాడు.

వింటేజ్ అప్లికేషన్ పెట్టలేదు. నేలా కోయలేదు. బ్రేకు విషయంలో నాకిప్పుడు ఏ సందేహమూ లేదు. నా ఒరిజినాలిటీ సరదాకి ఆ ట్రాక్టరు మీద కూర్చున్న కూలీలు ఒప్పుకోలేదు, వాళ్లని ఎవరూ అడగలేదు కూడా. గేర్ల విషయంలో నష్టపోయేది నేనొక్కణ్ణే. అరిగిన లింకులకి కొత్త బుష్షులు వేయించాను. క్లచ్ రెండుసార్లు తొక్కడం చిన్నాయన దగ్గర నేర్చుకున్నాను. మా ఊరి రోడ్డు మీద ఐదో గేరు వేసే అవకాశం ఎటూ రాదు, గుంతలు రానివ్వవు.

పోయిన శ్రావణంలో ఉరుకుందకి వెళ్లాం. నేను స్టీరింగ్ దగ్గర, అమ్మ కిటికీ దగ్గర, అక్క చిన్న కొడుకు మధ్యలో. గుడికి ముందు జనంలో రెండో గేరు నుంచి ఒకటికి దించబోతే రాడ్డు ఇరుక్కుంది. బుష్షులు వేసినా ఇరుక్కుంటుందన్నమాట. దిగి బానెట్ ఎత్తి, వేడి లింకుని గుడ్డతో పట్టుకుని విడదీస్తుంటే వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి. వాడు ముందు సీటు మీద నిలబడి అద్దంలోంచి చూస్తూ, పడిందా మామా అని అరుస్తున్నాడు.